అతుకుల బొంత నుంచి సొంత బొమ్మకు

ప్రశ్న: మా అత్తగారి దగ్గర బొంతలు కుట్టడం నేర్చుకుని, ఆపైన వీడియోలు చూసి చదరాల క్విల్టులు, నక్షత్రాల క్విల్టులు చాలానే కుట్టాను. నమూనా ఎదురుగా ఉంటే చేయి ఆగదు. అది లేకుండా, గోడకు తగిలించదగిన సొంత బొమ్మను గుడ్డతోనే చేద్దామని కూర్చుంటే ఏమీ తోచడం లేదు. ముందు చిత్రలేఖనం నేర్చుకోవాలా? ఇంట్లో ధర్మవరం పట్టుచీరల ముక్కలున్నాయి, పనికివస్తాయా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: చిత్రలేఖనం వస్తే మంచిదే గాని, రాకపోయినా పని ఆగదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టుకున్న క్విల్టులను 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియం ప్రదర్శించినప్పుడు, విమర్శకులు వాటిని ఆధునిక చిత్రకళ సరసన నిలబెట్టి మెచ్చుకున్నారు. అమెరికాకే చెందిన కళాకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ వచ్చింది ఇందుకు ఎదురుదారిలో. అప్పటికే చిత్రకారిణి అయిన ఆమె, దుస్తులు రూపొందించే తన తల్లితో కలిసి 1980లో తొలి క్విల్టు కుట్టారు.

చదరాల క్విల్టులో ముక్కలన్నీ ఒకే కొలతకు రావాలి కాబట్టి, కన్ను రంగును వదిలేసి కొలతనే వెతకడానికి అలవాటుపడుతుంది. మీ చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. కొన్నాళ్లు స్కేలు పక్కన పెట్టి, గీత గీయకుండా కత్తెరతోనే కత్తిరించండి. వస్తువు కోసం దూరం పోనక్కరలేదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లో, గళ్ల బట్ట పక్కన పూల బట్ట వచ్చినా ఆకారాలు కలిసిపోకుండా నల్లని గీత ఎలా విడదీస్తుందో నిలబడి చూడండి. ఆ చిత్రాల్లోని బట్టల అంచులను దించుకోమనడం లేదు (ఆ పని చీరల వాళ్లు ఎప్పుడో చేశారు). బొంతలో పొరలను పట్టి ఉంచడానికి వేసే కుట్టునే మీరు బొమ్మలో గీతగా వాడవచ్చునని చెబుతున్నాను.

పట్టుముక్కలు నిస్సందేహంగా పనికివస్తాయి. పడుగు ఒక రంగు, పేక మరో రంగుగా నేసిన చీర నుంచి రెండు ముక్కలు తీసి, ఒకదాన్ని నిలువుగా, మరొకదాన్ని అడ్డంగా తిప్పి పక్కపక్కన పెడితే వెలుగులో రెండు వేర్వేరు ఛాయలు కనిపిస్తాయి. కొత్త రంగు కొనకుండానే నీడ, వెలుగు పుడతాయన్నమాట. అయితే మడతల దగ్గర చిట్లిన పట్టును వాడకండి. జరీ ఉన్న ముక్క అంచు త్వరగా పోగులూడుతుంది కనుక, ముందే ఉతికి ఆరవేసిన పాత నూలుగుడ్డ మీద పరిచి, కచ్చా కుట్టు వేశాకే కత్తిరించండి. తడిపిన తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగుతుందేమో కూడా చూసుకోండి.

ఒకే వస్తువును తీసుకుని వరుసగా చిన్న చిన్న బొమ్మలు చేయండి. మంచం అంత పెద్దది మొదలుపెడితే సగంలో విసుగొస్తుంది. పూర్తయినదానికి వెనుక పైభాగాన గుడ్డ గొట్టం కుట్టి, అందులో కర్ర దూర్చి తగిలిస్తే బరువు సమంగా పడుతుంది. ఎండ తగిలే గోడ మాత్రం వద్దు, పట్టు రంగు వెలిసిపోతుంది.