టేక్ సిక్స్ పాట నలుగురితో: కార్డు బోలు, శ్రుతి జారుడు

వాయిద్యాల్లేకుండా పాడే ఆరుగురి బృందం టేక్ సిక్స్ 1988 నాటి తొలి ఆల్బమ్‌లోని పాటను మీ చర్చి యూత్ నలుగురూ అలాగే పాడితే కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) బోలుగా ఉన్నాయనీ, చివరికి శ్రుతి ఒక సెమీటోన్ (అర స్వరం) దిగిపోతోందనీ అడిగారు కదా బ్రదర్. రెండిటికీ కారణాలు వేరు.

అది ఆరు గొంతుల కట్టుబడి. పై నాలుగూ తీసుకుని బేస్ (అన్నిటికన్నా కింది గొంతు) వదిలేస్తే బోలుగానే ఉంటుంది. వదలాల్సింది కార్డు మూలస్వరం నుంచి లెక్కిస్తే ఐదో స్వరం. సి మేజర్ నైన్త్ (సి, ‘ఈ’ (E), జి, బి, డి స్వరాల కార్డు) అయితే జి తీసేయండి: బేస్‌కి సి, దాని పైన వరసగా ‘ఈ’, బి, డి. డి, ‘ఈ’ స్వరాలు రెండూ పక్కపక్కనే కింది స్థాయిలో పడితే ముద్దగా వినిపిస్తుంది, అందుకే డి అన్నిటికన్నా పైన.

ఇక శ్రుతి. సాధారణంగా జారేది పల్లవి చివర, ఊపిరి అయిపోయే చోట. దిగే స్వరాల్లో అడుగు కాస్త పెద్దగా పడుతుంది, ఎక్కేటప్పుడు చిన్నగా. లైను మధ్యలో ఒక్కొక్కరు ఒక్కోచోట ఊపిరి తీసుకోండి. ప్రాక్టీసులో శ్రుతిపెట్టె మీద పాట కీ మోగించి నెమ్మదిగా పాడండి, కీ మారే చోట శ్రుతిపెట్టె ఆపేయండి. కీబోర్డు మీద మొత్తం కార్డు పట్టుకుని సరిచూసుకోవద్దు. దాని మేజర్ థర్డ్ (సి కార్డులో ‘ఈ’), గొంతులు సహజంగా కలిసే చోటికన్నా సుమారు 14 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ. ‘ఈ’ స్వరం పాడేవాళ్లు అటూ ఇటూ లాగబడతారు.