బోనస్‌తో ఎవరూ బతకరు

అల్లుడూ,

నువ్వు పంపిన కబడ్డీ స్కోరు కాగితం చూశాను. నీ పేరు పక్కన బోనస్‌లే ఆరు. మ్యాచ్ పోయింది నాలుగు పాయింట్ల తేడాతో. ఆ రెండిటికీ సంబంధం ఉంది, చెప్తాను విను.

కూతకి వెళ్ళి అవతలివాణ్ణి టచ్ చేసి వస్తే పాయింటుతో పాటు బయట కూర్చున్న మనవాడు ఒకడు బతికి లోపలికొస్తాడు. అవతలి కోర్టులో బోనస్ గీత దాటి తెచ్చే బోనస్‌కి పాయింటే, ఎవడూ బతకడు. మనవాళ్ళు ఏడుగురూ ఉన్నప్పుడు బోనస్ ఎంత తీసినా మంచిదే. మనం ముగ్గురికి పడిపోయాక కూడా బోనస్ గీత దగ్గరే కాలు లేపుతుంటే నీ లెక్క పెరుగుతుంది, కోర్టు నిండదు. చివరికి అందరూ పోయి ఆలౌటై రెండు పాయింట్లు అదనంగా ఇచ్చుకుంటాం. అలాంటప్పుడు టచ్‌కే వెళ్ళు. అవుటైన వరసలోనే లోపలికొస్తారు కాబట్టి, ముందు బతికేది చివర నిలబడే కార్నరా, వాడి పక్కన లోపలివైపు నిలబడే కవరా అన్నది కూతకి వెళ్ళే ముందే చూసుకో.

రెండు కూతలు పాయింటు లేకుండా ఖాళీగా వచ్చాక మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే అవుటే. వచ్చేవాడు మీద పడక తప్పదని అవతలివాళ్ళకీ తెలుసు, పట్టుకి సిద్ధంగా కూర్చుంటారు. దానికి నువ్వే వెళ్ళాలన్న పట్టింపు వదిలెయ్. రెండో రైడర్‌ని పంపు. అతను పోయినా నువ్వు లోపల ఉంటావు. అయితే ఆ కుర్రాడికి ఈ సంగతి మ్యాచ్‌కి ముందే, అందరి ఎదుటా చెప్పాలి. చెప్పకుండా పంపితే కెప్టెన్ తనని బలిచ్చాడనుకుంటాడు. జట్లు చీలేది ఎక్కువగా ఇక్కడే. అవుటైన ఆ కూతల్ని అతని తప్పుల కింద రాయకు, విడిగా రాయి.

ఇక పట్టు. మీ ఎడమ కార్నర్ కుర్రాడు చురుకే, కానీ కూత మొదలైన నాలుగైదు సెకన్లకే చీలమండ మీదికి దూకేస్తున్నాడు. అప్పటికి పక్కనున్న కవర్ బరువు వెనక కాలి మీదే ఉంటుంది. సాయం అందదు, రైడర్ ఈడ్చుకుంటూ మధ్యగీత తాకేస్తాడు. రైడర్ లోపలికొచ్చి, వెనక్కి తిరగబోయే క్షణం దాకా ఆగమను. చేతులు కలిపి చెయిన్‌లో ఉన్నవాళ్ళు ఒకరి మణికట్టు ఒకరు పట్టుకోవాలి, వేళ్ళు పట్టుకుంటే జారతాయి. మణికట్టు గట్టిగా నొక్కితే వెళ్దామని గుర్తు. మొదటి పట్టు జారిందో, మిగతావాళ్ళు వెనక్కే. పౌరుషానికి ఒక్కొక్కడూ మీద పడితే తాకినవాళ్ళందరూ పోతారు, ఒక పాయింటు పోవాల్సినచోట మూడు పోతాయి. పాయింటు మొదట పట్టినవాడి పేరునే రాస్తారు. నడుము పట్టి ఆపిన కవర్ పేరు ఎక్కడా ఉండదు. మీ పుస్తకంలో వాడికీ ఒక గడి గీయి.

ఆధిక్యంలో ఉన్నప్పుడు గడియారం చూడు. కూతకి 30 సెకన్లు. చివరి 2 నిమిషాల్లో కూతలు పూర్తిసేపు సాగితే మనకి వచ్చేవి రెండే, రెండూ ఖాళీగా తేవచ్చు. కానీ అంతకుముందే ఒక ఖాళీ ఉంటే రెండోసారికి డూ ఆర్ డై నెత్తిన పడుతుంది. అందుకని ఆ సమయానికి ముందే ఏదో ఒక పాయింటు తెచ్చి లెక్క సున్నా చేసుకోవాలి. ఖాళీగా తిరిగొస్తే గట్టు మీద జనం ఈలలేస్తారు. వెయ్యనీ.

బెస్ట్ రైడర్‌కి ఇచ్చే డబ్బు ఎవరికొచ్చినా పన్నెండు మందికీ సమానంగా పంచాలి, బెంచీ మీద కూర్చున్నవాళ్ళతో సహా. ఈ మాట పోటీకి ముందే అనుకోండి, గెలిచాక అనుకుంటే తెగదు.

ఇంకోటి. రేపు సున్నం వేసే ముందు టేపు పెట్టి కొలవండి. మధ్యగీత నుంచి, రైడర్ తప్పక దాటాల్సిన బాక్ లైనుకి 3.75 మీటర్లు, అక్కణ్ణుంచి బోనస్ గీతకి ఒక మీటరు. ప్రాక్టీసు కోర్టులో బాక్ లైను మధ్యగీతకి దగ్గరగా ఉంటే, అసలు మ్యాచ్‌లో ఖాళీ కూతకి వెళ్ళినవాడు బాక్ లైను దాటకుండానే తిరిగొచ్చి అవుటవుతాడు.

మీ మావయ్య