బెల్ ఎపోక్ మీద పుస్తకం రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పారిస్ వెళ్ళి, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందున్న ఆ వెలుగుల కాలం మీద, ఫ్రెంచివారు బెల్ ఎపోక్ (అందమైన కాలం) అని తలచుకునే కాలం మీద, తెలుగులో పుస్తకం రాయబోతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు నాకెంత గర్వం కలిగిందో అంత భయమూ వేసింది. కళాశాలలో ఐరోపా చరిత్ర చెప్పినన్నాళ్ళూ, ఆ కాలపు పోస్టర్ల అందం దగ్గరే ఆగిపోయి ముందుకు కదలని తెలివైన పిల్లలను చూశాను. అందుకే ఈ ఉత్తరం.

వీసా, చలికోటు సంగతులు నీకు తెలుసు. ఓర్సే, కార్నవాలే మ్యూజియంలు సోమవారాలు తెరవరు. ఆనాటి పత్రికలు ఫ్రెంచి జాతీయ గ్రంథాలయంవారి గాలికా వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి కనుక ఇంట్లో ఉండగానే చదవడం మొదలుపెట్టు.

ఇక అసలు విషయం. ఆ కాలాన్ని 1914లో నిలబడి వెనక్కి తిరిగి చూడవద్దు. చాలామంది పెద్దవాళ్ళు చేసిన పొరపాటు ఇదే. ఆ యుద్ధంలో ఫ్రాన్సు పదమూడు లక్షలకు పైగా సైనికులను పోగొట్టుకుంది. కొడుకు తిరిగిరాని ఇంటికి అంతకు ముందరి రోజులన్నీ పండుగ రోజుల్లా కనిపించడం సహజం, ఆ దుఃఖాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కాని ఆ దుఃఖాన్ని ఆ తరువాత ఇతరులు వాడుకున్నారు. బెల్ ఎపోక్ అనే పేరు జనంలో స్థిరపడింది 1900లో కాదనీ, 1940లో జర్మన్ సైన్యం పారిస్‌ను ఆక్రమించిన తరువాతేననీ చరిత్రకారుడు దొమినిక్ కలిఫా చూపించారు. ఓడిపోయిన నగరం తన పాత పాటలు పాడుకుంటూ కూర్చుంటే ఆక్రమించినవారికి వచ్చే ఇబ్బంది ఏముంది? జర్మన్ అధికారులు కూడా మాక్సిమ్స్ హోటల్లో భోజనాలు చేస్తూ అదే వైభవాన్ని అనుభవించారు. అలా మూలాన్ రూజ్ నాట్యశాలలోని నాట్యాలు, చిత్రకారుడు ముచా పోస్టర్లలోని స్త్రీలు, వాస్తుశిల్పి గిమార్ గీసిన మెట్రో ద్వారాలు జ్ఞాపకంలో మిగిలాయి. చేయని నేరానికి దేశద్రోహి అనిపించుకున్న యూదు సైనికాధికారి డ్రేఫస్ కోసం 1898 జనవరి 13న నవలాకారుడు ఎమిల్ జోలా పత్రికలో రాసిన బహిరంగ లేఖ, దాని చుట్టూ దేశమంతటా రగిలిన యూదు ద్వేషం ఆ జ్ఞాపకంలో ఓ మూలకు జరిగిపోయాయి.

1906 మార్చి 10 పేరుతో ఒక అధ్యాయం రాయమని నిన్ను గట్టిగా అడుగుతున్నాను. ఆ రోజు ఉత్తర ఫ్రాన్సులోని కూరియేర్ బొగ్గు గనుల్లో పేలుడు సంభవించి 1,099 మంది చనిపోయారు. వారిలో పదిహేనేళ్ళు నిండని పిల్లలు కూడా ఉన్నారు. గాలింపు ఆపేసిన తరువాత, ఇరవై రోజులకు పదమూడు మంది తమంతట తామే చీకటిలోంచి బయటికి వచ్చారు. కార్మికులు సమ్మెకు దిగితే ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలనే చట్టం ఆ ఏడాది జూలైలో గాని రాలేదు. పారిస్ దీపాల గురించి రాసే ప్రతి పుటలోనూ ఈ గనుల వాళ్ళు నీకు గుర్తుండాలి.

అయితే కోపంతో అంతా చీకటేనని కూడా రాసెయ్యకు తల్లీ. మేరీ క్యూరీ పనిచేసిన నగరం అది, లూమియేర్ సోదరులు 1895 డిసెంబరులో డబ్బిచ్చి వచ్చినవారికి సినిమా చూపించిన నగరం అది. ఆ ఆనందం నిజం. నాకు ముచ్చట గొలిపే సంగతి మరొకటి ఉంది. దాదాపు ఐదు కోట్ల సందర్శనలు నమోదైన 1900 ప్రపంచ ప్రదర్శనలో, విద్యుత్ దీపాల వింతలకు దగ్గరలోనే, సేన్ నది ఒడ్డున చిత్రకారుడు అల్బేర్ రోబిదా మధ్యయుగపు పారిస్‌ను కలపతో, గారతో మళ్ళీ కట్టించాడు. అంటే మనం ఇవాళ ఆశగా చూస్తున్న ఆ మనుషులే తమ కన్నా ముందరి కాలం కోసం ఆశపడుతూ అక్కడ తిరిగారు. యూజీన్ అట్జే కూడా అప్పుడే బరువైన కెమెరా మోసుకుంటూ, కూలిపోబోతున్న పాత వీధులను, ఊరి అంచున చిత్తు ఏరుకునేవారి గుడిసెలను ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలు కార్నవాలేలో ఉన్నాయి, తప్పక చూడు.

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకో నీకు తెలియాలి. మన యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉంది. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం తప్పించుకోవడానికి చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు పిల్లలను అక్కడికి తీసుకువచ్చి పెళ్ళిళ్ళు చేసేవారు, అందుకే ఆ ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. మన ఇంట్లో మగవాళ్ళు ఆ పెళ్ళిళ్ళ సందడి గురించి, మేళాల గురించి గంటలకొద్దీ చెప్పుకునేవారు. అలా తీసుకువచ్చిన పిల్లల్లో ఒకతె మా నాయనమ్మ. ఆ మాటలు మొదలైతే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు.

కాబట్టి ప్రతి పోస్టరు దగ్గరా ఆగి, ఆ బొమ్మలోని గౌను కుట్టినదెవరో, ఆ గుడ్డ ఉతికినదెవరో, వాళ్ళకెంత కూలి దక్కిందో వెతుకు. భార్య తన జీతం తానే ఖర్చు పెట్టుకోవచ్చని ఆ దేశపు చట్టం చెప్పింది 1907లో మాత్రమే. వేళకు తిను, మ్యూజియంలో పడి భోజనం మానెయ్యకు. ఎలా వచ్చిందని సంకోచించకుండా మొదటి అధ్యాయం నాకు పంపించు. ఎర్ర సిరాతో దిద్ది వారంలోగా తిప్పి పంపుతాను.

ఇట్లు,
నీ అత్తయ్య