పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌కి ముందు: ఉబుంటు వాడేవారి ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మాది హిందూపురం. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. పాత లాప్‌టాప్ విండోస్‌ని మోయలేకపోతోందని దాని బదులు ఉబుంటు అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. అందుకోసం 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్ఓ (ఉబుంటు ఇన్‌స్టాల్ చేసే డిస్క్ నకలు ఫైల్) ఎక్కించాను. ఇప్పుడు దాన్ని మామూలుగా వాడుకుందామంటే ఐదారు జీబీల ముక్క ఒకటి కనబడుతోంది, అందులోకి ఏదీ కాపీ కావడం లేదు. నాన్నగారి హరికథల క్యాసెట్లను ఎంపీ3లుగా మార్చాను. వాటిని ఆయన కారులో వినాలి. చెల్లి పెళ్లి వీడియో కూడా దాంట్లోనే పెట్టాలి, అది ఒక్కటే 7 జీబీ ఉంది. పెన్‌డ్రైవ్‌ని తుడిచేయడానికి నెట్‌లో దొరికిన కమాండ్ ఒకటి కొట్టేయమంటున్నాడు మా కొలీగ్. కొట్టమంటారా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ఆ కమాండ్ కొట్టకండమ్మా. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత మిగతావాటికి వస్తాను.

అలాంటి కమాండ్లలో డిస్క్ పేరు ‘ఎస్‌డీఏ’ అనో ‘ఎస్‌డీబీ’ అనో రాసి ఉంటుంది. అవి డిస్క్‌కి పుట్టుకతో వచ్చిన పేర్లు కావు. మెషిన్ ఆన్ చేశాక ఏది ముందు కంటపడితే దానికి ఆ పేరు ఇస్తుంది లినక్స్. ఈమధ్య వస్తున్న లాప్‌టాప్‌లలో లోపలి డిస్క్ ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం, దానికి పేరు వేరుగా ఉంటుంది కాబట్టి గుచ్చిన పెన్‌డ్రైవే ‘ఎస్‌డీఏ’ అవుతుంది. మీలాంటి పాత లాప్‌టాప్‌లో లోపలిది సాటా అనే పాత రకం డిస్క్. అక్కడ ‘ఎస్‌డీఏ’ అంటే సాధారణంగా ఉబుంటు ఉన్న డిస్కే! మీ కొలీగ్ మెషిన్‌లో పెన్‌డ్రైవ్‌ని శుభ్రం చేసిన కమాండ్ మీ మెషిన్‌లో హరికథలతో సహా అన్నిటినీ తుడిచేయగలదు. నేను పాత లాప్‌టాప్‌లకి లినక్స్ వేసి చదువుకునే పిల్లలకి ఇస్తుంటాను. ఇచ్చేముందు ప్రతి ఒక్కరికీ చెప్పే మాట ఇదే: డిస్క్‌ని పేరు చూసి నమ్మొద్దు, సైజూ కంపెనీ చూసి పోల్చుకోండి. పెన్‌డ్రైవ్ తీసేసి ఒకసారి, గుచ్చి ఒకసారి డిస్కుల జాబితా (కింద చెప్పే ‘డిస్క్స్’లో ఉంటుంది) చూడండి. కొత్తగా వచ్చి చేరిందే మీది.

ఇక మీ పెన్‌డ్రైవ్ పాడవలేదు, కంగారు పడకండి. ఐఎస్ఓ ఎక్కించడమంటే ఫైల్ కాపీ చేయడం కాదు. డీవీడీ మీద ఉండాల్సిన ఏర్పాటంతా డ్రైవ్ మొదటి సెక్టార్ నుంచి ఉన్నదున్నట్టు దిగుతుంది. డీవీడీల ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చి ఉంచే పద్ధతి) చదవడానికే గాని రాయడానికి పనికిరాదు. మిగిలిన జాగా ఖాళీగా పడి ఉంటుంది, లేదా ఉబుంటు తన అవసరానికి చేసుకున్న ఇంకో పార్టిషన్ (డ్రైవ్‌లో విడిగా కేటాయించిన భాగం) అందులో ఉంటుంది. అందుకే కనబడే ముక్కని ఒక్కదాన్నే ఫార్మాట్ చేస్తే లాభం లేదు. మొత్తం డ్రైవ్‌కి పార్టిషన్ టేబుల్ (ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) కొత్తగా రాయాలి.

దీనికి టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) అక్కర్లేదు. ఉబుంటులో ‘డిస్క్స్’ అనే ప్రోగ్రామ్ ఉంది, తెరవండి. ఎడమవైపు వరుసలో మీ పెన్‌డ్రైవ్‌ని పైన చెప్పినట్టు పోల్చుకుని ఎంచుకోండి. పైన మూడు చుక్కల మెనూలో ‘ఫార్మాట్ డిస్క్’ ఉంటుంది. పార్టిషనింగ్ దగ్గర ఎంబీఆర్ అనే పాత పద్ధతి తీసుకోండి. జీపీటీ కొత్త పద్ధతే, కానీ చాలా కారు స్టీరియోలకి అది అర్థం కాదు. అది అయ్యాక ఖాళీ జాగా మీద ప్లస్ గుర్తు నొక్కి పార్టిషన్ చేయండి, పేరు పెట్టండి. పేరు తప్పకుండా పెట్టండి. రేపు మళ్లీ పోల్చుకోవడానికి అది పనికొస్తుంది.

ఫైల్ సిస్టమ్ ఏది పెట్టాలన్నదే మీ విషయంలో అసలు చిక్కు. కారుకి ఫ్యాట్32 కావాలి. పాత స్టీరియోల్లో చాలావాటికి అదొక్కటే తెలుసు. కానీ ఫ్యాట్32లో ఒక్క ఫైల్ 4 జీబీకి మించకూడదు. డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా 7 జీబీ పెళ్లి వీడియో మధ్యలో ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌కి ఆ ఇబ్బంది లేదు. మైక్రోసాఫ్ట్ 2019లో దాని వివరాలు బయటపెట్టింది. 2020లో వచ్చిన లినక్స్ 5.7 కెర్నెల్‌లో (సిస్టమ్ మూల భాగంలో) దాన్ని చదివి రాసేందుకు శామ్‌సంగ్ ఇంజనీర్లు రాసిన డ్రైవర్ చేరింది. అప్పటి నుంచి ఉబుంటులో కూడా హాయిగా నడుస్తోంది. లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4 మాత్రం వద్దు. లినక్స్‌కి అది బంగారం, కారూ టీవీ మాత్రం దాన్ని గుర్తుపట్టవు.

నా సలహా ఏమిటంటే రెంటినీ ఒక డ్రైవ్‌లో ఇరికించొద్దు. ఈ 64 జీబీని ఫ్యాట్32 చేసి నాన్నగారి కారుకి ఇచ్చేయండి. పెళ్లి వీడియోకి వేరే పెన్‌డ్రైవ్ కొని ఎక్స్‌ఫ్యాట్ చేయండి, అదీ మీ టీవీ మాన్యువల్‌లో ఆ పేరు ఉందో లేదో చూసుకున్నాకే. కాపీ అయిపోయినట్టు కనబడగానే లాగేయకండి. లినక్స్ కొంత డేటాని మెమరీలో ఉంచుకుని తీరిగ్గా రాస్తుంది. ‘ఎజెక్ట్’ నొక్కి, తీయొచ్చని చెప్పాకే తీయండి. హరికథల ఫైళ్లు లాప్‌టాప్‌లోనూ ఇంకోచోటా కూడా ఉంచుకోండమ్మా. ఎండలో నిలబడే కారులో ఉండే డ్రైవ్ అది. పాత టేపు మళ్లీ మళ్లీ తిప్పితే తట్టుకోదు.

ప్రశ్న: ఎస్‌పీ రోడ్డు దగ్గర ఫుట్‌పాత్ మీద ‘2 టీబీ’ పెన్‌డ్రైవ్ చాలా చవగ్గా కొన్నాను. ఫైళ్లు కాపీ అవుతున్నాయి, కొన్ని వీడియోలు మాత్రం తెరుచుకోవట్లేదు. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అంతే.
– ఒక విద్యార్థి, యలహంక

జవాబు: ఫార్మాట్‌తో తీరే జబ్బు కాదిది బాబూ. అందులోని కంట్రోలర్ చిప్ (డ్రైవ్‌ని నడిపే చిప్) డ్రైవ్ సైజు గురించి అబద్ధం చెబుతోంది. లోపల ఉన్న అసలు జాగా నిండాక వచ్చే డేటా ఎక్కడికీ చేరదు, లేదా పాత ఫైళ్ల మీదే పడుతుంది. పేర్లు కనబడతాయి, లోపల సరుకుండదు. ఉబుంటులో ‘ఎఫ్3’ అనే ప్యాకేజీ వేసుకో. దాంట్లో ‘ఎఫ్3రైట్’ డ్రైవ్‌ని నింపుతుంది, ‘ఎఫ్3రీడ్’ తిరిగి చదివి ఎంత నిలిచిందో చెబుతుంది. చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టు. ఆ ఫలితం చూపించి డబ్బు వెనక్కి అడుగు. ఈసారి బిల్లిచ్చే కొట్లో కొను, కొన్న రోజే ఈ పరీక్ష చెయ్యి. కాలేజీ ప్రాజెక్టు మాత్రం దాంట్లో పెట్టకు.

అన్నట్టు, నిజమైన 64 జీబీ డ్రైవ్ కూడా టెర్మినల్‌లో 59 చిల్లర, ఒక్కోసారి ఇంకా తక్కువ చూపిస్తుంది. అది మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కవేస్తే అక్కడ 1024తో లెక్క.

ప్రశ్న: ఆధార్, బ్యాంకు కాగితాలు ఉన్న పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసి పనమ్మాయి కొడుక్కి ఇద్దామనుకుంటున్నాను. ఇవ్వొచ్చా?
– ఒక గృహిణి, జయనగర్

జవాబు: మామూలు ఫార్మాట్ పుస్తకంలో విషయసూచిక చింపేయడంలాంటిది, పేజీలు అలాగే ఉంటాయి. ‘ఫోటోరెక్’ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వాటిని పైకి తీయొచ్చు. డిస్క్స్‌లో ఫార్మాట్ చేసేటప్పుడు ‘క్విక్’ బదులు సున్నాలతో నింపే నెమ్మది పద్ధతి ఎంచుకుంటే చాలావరకు పోతాయి. అయినా ఫ్లాష్ మెమరీలో మనకి కనబడని అదనపు బ్లాకులు కొన్ని ఉంటాయి, వాటి దాకా మన చెయ్యి వెళ్లదు. బ్యాంకు కాగితాలున్నది మీరే ఉంచుకుని, ఆ అబ్బాయికి కొత్తది కొనిపెట్టండి.