విమాన వాహక నౌకలు మనకు ఇంకా అవసరమా?

ప్రశ్న: నేల మీది స్థావరాల్లో సుఖోయ్ విమానాలు ఉన్నాయి, గాల్లోనే ఇంధనం నింపే ట్యాంకర్లూ ఉన్నాయి. ఇక 20,000 కోట్లు పోసి విక్రాంత్ ఎందుకు? ఒక్క క్షిపణి తగిలితే అంతా పోయినట్టే కదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు దూరం లెక్క చూడండి. తీరానికి 1,500 కి.మీ. అవతల ఉన్న మన నౌకల పైన రాత్రీ పగలూ రెండు యుద్ధ విమానాలు కాపలా ఉండాలనుకుందాం. గంటకు 900 కి.మీ. వేగంతో వెళ్లి రావడానికే 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. అక్కడ గంట సేపు తిరిగినా, రోజుకు 48 సార్టీలు (ఒక విమానం ఒకసారి వెళ్లి రావడం ఒక సార్టీ), 208 గంటల ప్రయాణం. ట్యాంకర్ల ఖర్చు వేరే. వాహక నౌక 150 కి.మీ. దూరంలో ఉంటే రానూపోనూ 20 నిమిషాలే. ఒక్కో విమానం గంటన్నర కాపలా కాస్తే 32 సార్టీలు, 59 గంటల్లోపు పని అయిపోతుంది. ఆపద ముంచుకొచ్చాక కబురు పెడితే తీరం నుంచి విమానం రావడానికి గంటా నలభై నిమిషాలు. అప్పటికి అక్కడ కాపాడటానికి ఏమీ మిగలకపోవచ్చు.

ఇక క్షిపణి సంగతి. కొట్టాలంటే ముందు నౌక ఎక్కడుందో తెలియాలి. 25 నాట్ల (గంటకు సుమారు 46 కి.మీ.) వేగంతో కదిలే నౌక అరగంటలో 23 కి.మీ. జరిగిపోతుంది. అంటే అరగంట కిందటి ఉపగ్రహ చిత్రం పట్టుకుని దాదాపు 1,680 చదరపు కి.మీ. సముద్రం గాలించాలి. నిమిష నిమిషానికీ కొత్త సమాచారం అందించే గూఢచారి విమానం దగ్గర్లో ఉంటే తప్ప గురి కుదరదు. ఆ విమానాన్ని తరిమికొట్టేది వాహక నౌక మీది యుద్ధ విమానాలే. మీ ఊరి వాళ్లకు ఇది కొత్త విషయం కాదు. 1971లో పాత విక్రాంత్‌ను వేటాడటానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరే మునిగిపోయింది. అప్పటికే విక్రాంత్ అండమాన్ వైపు వెళ్లిపోయి ఉంది. బాయిలర్ పగులు వల్ల పూర్తి వేగం అందుకోలేని ఆ నౌకే డిసెంబరు 4న సీ హాక్ యుద్ధ విమానాలను అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీదికి పంపింది.

అలాగని ముప్పు లేదనడం తప్పు. నీటిని ఆనుకుని వచ్చే క్షిపణే అసలు ప్రమాదం. నౌక మీద 30 మీటర్ల ఎత్తున ఉన్న రాడార్‌కు 5 మీటర్ల ఎత్తున వచ్చే క్షిపణి సుమారు 32 కి.మీ. దగ్గరికి వచ్చాకే కనిపిస్తుంది, భూమి వంపు అడ్డం కాబట్టి. ధ్వని వేగానికి కాస్త తక్కువగా వచ్చే క్షిపణైతే చేతిలో ఉండేది రెండు నిమిషాల లోపే. అదే రాడార్‌ను 3,000 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తే చూపు 230 కి.మీ. దాటుతుంది, పన్నెండు నిమిషాలకు పైగా వ్యవధి దొరుకుతుంది. 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ దగ్గర ఎగిరే రాడార్ లేదు. షెఫీల్డ్ నౌకను ఎగ్జోసెట్ క్షిపణికి పోగొట్టుకుంది. మన కామోవ్-31 హెలికాప్టర్లు చేసే పని ఇదే. నా దృష్టిలో అవి యుద్ధ విమానాలంత ముఖ్యం.

ప్రశ్న: యుద్ధం లేనన్నాళ్లూ ఈ నౌకలను పక్కన పెట్టి, అవసరమైనప్పుడు బయటికి తీయకూడదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కుదరదండీ. డెక్ మీద, అంటే నౌక పైభాగంలోని రన్‌వే మీద, దిగడం ఎలా ఉంటుందో చూస్తే కారణం తెలుస్తుంది. విమానం గంటకు 240 కి.మీ. వేగంతో వచ్చి, తోక కింది హుక్కుతో డెక్‌కు అడ్డంగా కట్టిన మూడు ఉక్కు తీగల్లో ఒకదాన్ని అందుకోవాలి. అందితే సుమారు 90 మీటర్లలో ఆగిపోతుంది. చక్రాలు తాకిన క్షణానే పైలట్ ఇంజన్లను పూర్తి శక్తికి పెంచాలి, ఎందుకంటే తీగ అందకపోతే మళ్లీ ఎగరడం తప్ప దారి లేదు. తీగను పట్టి ఉంచే బ్రేకు యంత్రాన్ని ఒక్కో విమానం బరువుకు తగ్గట్టు సరిచేయాలి. వదులైతే విమానం డెక్ అంచు దాటిపోతుంది, బిగువైతే హుక్కో చక్రాల కాళ్లో విరుగుతాయి. 2016 చివర్లో సిరియా తీరాన రష్యా నౌక అడ్మిరల్ కుజ్నెత్సోవ్ మూడు వారాల తేడాలో రెండు విమానాలు పోగొట్టుకుంది. ఒకటి దిగేటప్పుడు తీగ తెగి పడింది, ఇంకొకటి తీగలు బాగయ్యేలోపు ఇంధనం అయిపోయి కూలింది.

ఈ నేర్పు ఆపేస్తే పోతుంది. బ్రిటన్ 2010లో నౌకల మీది హారియర్ యుద్ధ విమానాలను తీసేసి, మరుసటి ఏడాది వాహక నౌక ఆర్క్ రాయల్‌ను విరమించింది. కొత్త వాహక నౌక క్వీన్ ఎలిజబెత్ మీద ఎఫ్-35బి యుద్ధ విమానం తొలిసారి దిగింది 2018లో. మధ్యలో చేయి తిరిగి ఉండేందుకు తమ పైలట్లనూ డెక్ సిబ్బందినీ అమెరికా నౌకల మీదికి పంపుకోవాల్సి వచ్చింది. మనకు అలా నేర్పి పెట్టేవాళ్లు ఎవరున్నారు?

ప్రశ్న: రెండు ఉన్నాయిగా, మూడోది కావాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఒకటి మరమ్మతులకు డ్రై డాక్ ఎక్కితే మిగిలేది ఒక్కటే, సముద్రాలేమో రెండు. విక్రాంత్‌తో పాటు మనకున్న విక్రమాదిత్య రీఫిట్‌కు (పెద్ద మరమ్మతులకు) కొచ్చిన్ షిప్‌యార్డ్‌తో 2024 నవంబరులో 1,207 కోట్ల ఒప్పందం కుదిరింది. కాబట్టి మూడోది కావాలి. కానీ వరుస ముఖ్యం. మన నౌకలకు క్యాటపల్ట్ (విమానాన్ని విసురుగా ముందుకు లాగి ఎగరేసే యంత్రం) లేదు. స్కీ జంప్ (డెక్ చివర పైకి వంగిన వాలు) మీది నుంచి ఎగిరే విమానం ఇంధనమో ఆయుధాలో కొంత తగ్గించుకోక తప్పదు. 2025 ఏప్రిల్‌లో నౌకాదళం కోసం 26 రఫేల్-ఎం యుద్ధ విమానాలకు ఒప్పందం అయింది. ముందు అవి వచ్చి డెక్ నిండాలి, తర్వాత ఎగిరే రాడార్ల సంఖ్య పెరగాలి. కొత్త నౌకకు ఉక్కు కోయడం ఆ తర్వాతే.