జింకలు రాకుండా చేనుకు కరెంటు తీగ చుడితే కేసవుతుందా?

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా. ఐదెకరాల్లో పత్తి, కంది, పక్కనే రెండెకరాల బత్తాయి తోట ఉన్నాయి. కృష్ణజింకలు మందలుగా వచ్చి మొలకలన్నీ మేసేస్తున్నాయి. మోటారు స్టార్టర్ నుంచి బైండింగ్ వైరు లాగి, మధ్యలో 100 వాట్ల బల్బు పెడితే ప్రాణం పోదని ఊళ్లో చెబుతున్నారు. 'ప్రమాదం' బోర్డు కూడా పెడతాను. కేసవుతుందా? — ఒక రైతు

జవాబు: అవుతుంది. ముందు ఆ బల్బు సంగతి. 230 వోల్టుల లైన్లో 100 వాట్ల బల్బు గుండా 400 మిల్లీ ఆంపియర్లకు పైగా కరెంటు పోతుంది. మనుషుల్ని కాపాడటానికి ఇళ్లలో బిగించే ట్రిప్పర్ 30 మిల్లీ ఆంపియర్లు లీకైతేనే లైను కట్ చేస్తుంది. బల్బు వెలిగే సరికి తీగ పట్టుకున్నవాడు ఉండడు. ఈ మాట చెప్పినవాళ్లెవరూ కోర్టులో మీ పక్కన నిలబడరు కూడా.

మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ (నిర్లక్ష్యం వల్ల మరణం) కింద ఐదేళ్ల వరకు జైలు. ప్రాణం పోవచ్చని తెలిసీ పెట్టారని రుజువైతే 105వ సెక్షన్, పదేళ్ల వరకు. 'నా చేలోకి వాడెందుకొచ్చాడు' అనే వాదన నిలవదు. బిహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డికి పొరుగువాళ్లు రాకుండా కరెంటు తీగ కట్టాడు, అది తగిలి ఒక మహిళ చనిపోయింది. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన మనిషి ప్రాణానికి విలువ లేకుండా పోదని 1963లో సుప్రీంకోర్టు ఆయన శిక్షను ఖాయం చేసింది. ఇక బోర్డు అంటారా, రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చే జీతగాడు దాన్ని చదవడు. పైగా తీగ ప్రాణాంతకమని మీకు ముందే తెలుసనడానికి ఆ బోర్డే సాక్ష్యమవుతుంది.

జింక చనిపోయినా చిక్కే. కృష్ణజింక వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. నేరం రుజువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఏడేళ్లు జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. చంపే ప్రయత్నాన్ని కూడా చట్టం వేటగానే లెక్కిస్తుంది కాబట్టి ఏ జంతువూ చావకముందే తీగ చూసి కేసు పెట్టవచ్చు. పంట పాడుచేసే అడవి పందుల్లాంటి వాటి విషయంలో అటవీ శాఖ ప్రత్యేక అనుమతి ఇవ్వవచ్చు, మొదటి షెడ్యూల్ జంతువుకు పంట నష్టం పేరుతో ఆ వెసులుబాటు లేదు. నా దృష్టిలో ఇది రైతుకు అన్యాయమే. కానీ చట్టం అలా ఉంది.

మోటారు కనెక్షన్ కరెంటును కంచెకు వాడితే విద్యుత్ చట్టంలో 126వ సెక్షన్ కింద అనుమతి లేని వాడకం, స్తంభం నుంచి కొక్కెం వేస్తే 135వ సెక్షన్ కింద దొంగతనం. అది వేరే కేసు.

మరి చేను ఎలా కాపాడుకోవాలి? రైతులు ఝట్కా మిషన్ అనే సోలార్ కంచె పెట్టుకోండి. అది బ్యాటరీతో నడుస్తుంది, సెకనుకో దెబ్బ, అదీ రెప్పపాటులో ఆగిపోతుంది. జంతువు బెదిరి వెనక్కి దూకుతుంది, తీగకు అతుక్కుపోదు. కొనేటప్పుడు ఐఈసీ 60335-2-76 అనే అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ప్రకారం తయారైందని బిల్లు మీద రాయించుకోండి. ఊళ్లో బిగించిన సొంత తయారీ డబ్బాలు వద్దు. కింది తీగకు గడ్డి తగిలితే దెబ్బ తగ్గిపోతుంది కాబట్టి వారానికోసారి గెట్టు శుభ్రం చేయాలి. డొంక వైపు, బడి పిల్లలు నడిచే దారి వైపు బోర్డులు కట్టండి, ఇక్కడ మాత్రం బోర్డు మీకు పనికొస్తుంది. సబ్సిడీ ఉందేమో ఉద్యానశాఖ ఆఫీసులో అడిగి చూడండి.

మేసిన మొలకల ఫొటోలు తేదీతో తీసి, సర్వే నంబరుతో అటవీ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఎప్పుడైనా మీ చేలో జింక ఏ కారణంతో చచ్చి కనిపించినా పూడ్చకండి, కళేబరం ప్రభుత్వ ఆస్తి. ముందు బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి, తర్వాత నాకు.