గ్రూపులో మనసు నిలవడం లేదు, బొమ్మలు మాత్రం అక్కడే ఉన్నాయి

టెక్ సందేహాలు

ప్రశ్న: 2020 లాక్‌డౌన్‌లో ఫేస్‌బుక్‌లో ఒక వాటర్‌కలర్ గ్రూపులో చేరాను. రోజుకో బొమ్మ వేసి పెట్టేదాన్ని. ఇప్పుడు తెరుస్తాను, నాలుగు పోస్టులు చూస్తాను, ఏమీ రాయకుండా మూసేస్తాను. ఎవరితోనూ గొడవ లేదు. వేయడం మానలేదు, చూపించాలనిపించడం లేదు, అంతే. ఒక్కోసారి అకౌంటే తీసేద్దామనుకుంటాను. అంతలోనే ఒక పెద్దాయన "పడవ నీడ ఇంకాస్త పొట్టిగా ఉండాలమ్మా, మిట్టమధ్యాహ్నం కదా" అని రాసిన మాట గుర్తొస్తుంది. నీడల్ని చూడటం నాకు ఆ రోజే వచ్చింది. నాతోపాటే మొదలుపెట్టిన చీరాల అమ్మాయి కూడా ఈ మధ్య కనబడటం లేదు. పాత ఫోన్ పాడై మొదటి రెండేళ్ల ఫొటోలు పోయాయి, ఆ బొమ్మలు ఇప్పుడు గ్రూపులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఒక్క మాట. అకౌంట్ డిలీట్ చేయకండి, గ్రూపులోంచి బయటికి కూడా రాకండి, కనీసం ఈ నెలలో. డిలీట్ నొక్కాక మనసు మార్చుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది, ఆ తర్వాత మీ పోస్టులు తిరిగి రావు. గ్రూపు వదిలేస్తే పోస్టులు అక్కడే ఉంటాయి గానీ అది ప్రైవేట్ గ్రూపైతే మీ బొమ్మలు మీకే కనబడవు. ఇది నేను అనుభవంతో చెబుతున్నాను. ఒకప్పుడు పద్యాలు రాసుకునే చోటు ఒకటి నాకూ ఉండేది. వెళ్లడం తగ్గింది, తర్వాత చూద్దాంలే అనుకున్నాను, ఆ తర్వాత అదే లేకుండా పోయింది, నా దగ్గర ఒక్క పద్యమూ మిగల్లేదు. ఎంత పెద్ద సైటైనా అంతే, ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న, మామూలు జనానికి గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న మూతపడ్డాయి.

కాబట్టి మొదట గోల తగ్గించండి. గ్రూపు పేజీలో నోటిఫికేషన్లు ఆఫ్ చేసి, అన్‌ఫాలో నొక్కండి. సభ్యురాలిగానే ఉంటారు, ఫీడ్‌లో మాత్రం ఆ పోస్టులు రావు, ఎవరికీ తెలియదు కూడా. తెరవాలనిపించిన రోజు మీరే వెళ్లి చూడొచ్చు.

తర్వాత బొమ్మలు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌కి వెళ్లి, మీ సమాచారం, అనుమతులు ఉండే విభాగంలో సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే ఆప్షన్ తీయండి. తేదీల దగ్గర ఆల్ టైమ్, క్వాలిటీ దగ్గర హై, ఫార్మాట్ హెచ్‌టీఎంఎల్ పెట్టండి. ఫైల్ సిద్ధమయ్యాక లింక్‌కి కొద్ది రోజులే గడువు, రాగానే దించుకుని పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచండి.

కానీ ఆ ఫైల్‌లో మీ పోస్టులు, మీ కామెంట్లు వస్తాయి గానీ మీ బొమ్మల కింద ఇతరులు రాసినవి రావు. పడవ నీడ మాట అందులో దొరకదు. మీ ఉత్తరం రెండోసారి చదివాక నాకు అనిపించింది, మీకు అసలు పోగొట్టుకోకూడనిది అదేనని. దాన్ని చేత్తోనే తీసుకోవాలి. కంప్యూటర్‌లో ఆ పోస్టు తెరిచి, కామెంట్ల పైన 'మోస్ట్ రెలవెంట్' అని ఉంటే 'ఆల్ కామెంట్స్'గా మార్చండి (లేకపోతే కొన్ని దాక్కుంటాయి), జవాబులన్నీ విప్పి స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మ ఉన్న ఫోల్డర్‌లోనే తేదీ వేసి పెట్టండి. అన్నిటికీ అక్కర్లేదు, తలచుకుంటే వెంటనే గుర్తొచ్చే పదిహేను, ఇరవై చాలు.

ఇంకో సంగతి, ఫేస్‌బుక్ ఫొటోల్ని కుదిస్తుంది. పొడవైన వైపు 2048 పిక్సెల్స్ దగ్గర ఆగిపోతుంది. 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున) ప్రింట్ తీస్తే అది ఏడు అంగుళాల లోపే. ఏ4 పొడవుకి సుమారు 3500 పిక్సెల్స్ కావాలి. కాగితాలు అటక మీదో అట్టపెట్టెలోనో ఉంటే వెతికి 600 డీపీఐలో స్కాన్ చేయించండి, జిరాక్స్ షాపులో ఫొటో మోడ్ పెట్టమని అడగండి, డాక్యుమెంట్ మోడ్‌లో లేత నీలాలు తెల్లబడిపోతాయి. వాటర్‌కలర్‌కి ఆ లేత నీలమే ప్రాణం, మీకు నేను చెప్పాలా. స్కాన్లు వాట్సాప్‌లో తెప్పించుకుంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు క్వాలిటీ తగ్గదు.

చూపించాలనిపించకపోవడం గురించి మీరు సంజాయిషీ ఇస్తున్నట్టు రాశారు. అక్కర్లేదండీ. బొమ్మ వేస్తున్నారు కదా, అది ఆగలేదు. చీరాల అమ్మాయి సంగతి మాత్రం ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. తను అకౌంట్ మూసేస్తే వెతికినా దొరకదు. ఈ రోజే మెసెంజర్‌లో పలకరించి, ఫోన్ నంబర్ అడిగి రాసుకోండి, ఈ మధ్య వేసిన బొమ్మ ఒకటి కూడా పంపండి.